పెంచిన ప్రేమకు పద్దు ఉంటుందా?

గత నెల ఈ శీర్షికలో అమెరికన్ కామిక్స్‌లోని తల్లిదండ్రులు లేని కథానాయకుల గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలలో చాలా వాటిలో ఒకే పోలిక కనిపించింది. బ్యాట్‌మ్యాన్ చేరదీసిన పిల్లల కుటుంబాన్ని గాడ్‌ఫాదర్ కథలోని కార్లియోన్ అనే నేర కుటుంబంతో పోల్చి, ఏది నిజమైన ఇల్లని పాఠకులు అడిగారు. ఈ నెల ఆ ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికి బ్యాట్‌మ్యాన్ కామిక్స్ అంటే ప్రాణం. నేను గాడ్‌ఫాదర్ సినిమాను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మొన్న భోజనాల దగ్గర మా ఇద్దరికీ వాదన వచ్చింది. బ్యాట్‌మ్యాన్‌ది అసలైన కుటుంబమని వాడంటాడు. ఎక్కడెక్కడి పిల్లలనో పోగు చేసి ముసుగులు తొడిగితే అది దళమవుతుంది గానీ కుటుంబం ఎలా అవుతుందని నేనంటాను. కార్లియోన్ వాళ్ళు ఎంత చెడ్డవాళ్ళైనా వాళ్ళది రక్తసంబంధం, ఒకరి కోసం ఒకరు ప్రాణమిస్తారు. మీరేమంటారు?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రక్తాన్ని కొలతగా పెట్టుకుంటే ఈ రెండు ఇళ్ళూ మనకు అర్థం కావని నా అభిప్రాయం. రెండు కథలూ మొదలయ్యేది ఒకే చోట, కన్నవాళ్ళ శవాల ముందు ఒంటరిగా మిగిలిన పిల్లవాడి దగ్గర.

బాబ్ కేన్, బిల్ ఫింగర్ కలిసి సృష్టించిన బ్యాట్‌మ్యాన్ 1939లో మొదటిసారి కనిపించాడు. ఆ ఏడాది చివరలోనే అతని గతం కూడా పాఠకులకు తెలిసింది. సినిమా చూసి ఇంటికి నడిచి వస్తుండగా ఒక దొంగ బ్రూస్ వేన్ (బ్యాట్‌మ్యాన్ అసలు పేరు అదే) తల్లిదండ్రులను ఆ పిల్లవాడి కళ్ళెదుటే కాల్చి చంపాడు. ఇక కార్లియోన్ కుటుంబ పెద్ద వీటో బాల్యం చూడండి. 1974లో వచ్చిన రెండో గాడ్‌ఫాదర్ చిత్రంలో, సిసిలీలోని కార్లియోన్ అనే ఊళ్ళో, వీటో తండ్రిని డాన్ చిచ్చో అనే స్థానిక పెద్ద చంపిస్తాడు. తండ్రి అంత్యక్రియలు జరుగుతుండగానే అన్న పావొలోను కూడా చంపేస్తారు. మిగిలిన ఒక్క కొడుకునైనా వదిలిపెట్టమని వేడుకోవడానికి వెళ్ళిన తల్లి, ఆ వేడుకోలు ఫలించదని తెలిసిన క్షణాన చిచ్చో మెడకు కత్తి ఆనించి, పారిపొమ్మని కొడుకును కేకవేసి, తుపాకి దెబ్బకు నేలకూలుతుంది. ఆ తొమ్మిదేళ్ళ పిల్లవాడు 1901లో న్యూయార్క్‌లోని ఎల్లిస్ దీవిలో ఓడ దిగుతాడు. అతని అసలు ఇంటిపేరు అందోలీని. కాగితాల మీద ఆ ఇంటిపేరు పోయి, అతని ఊరి పేరు వచ్చి చేరుతుంది. మీరు రక్తసంబంధానికి గుర్తుగా చూస్తున్న ‘కార్లియోన్’ అనే ఇంటిపేరు, ఆ చిత్రం ప్రకారం, రేవులో ఒక గుమాస్తా కలం నుంచి పుట్టింది. ఈ కథకు మూలమైన నవల ప్రకారమైతే అమెరికాలో వీటో తలదాచుకున్నది కూడా అబ్బందాందో అనే పరాయి కుటుంబం పంచనే. అంటే రక్తానికి అంత విలువ ఇచ్చిన ఈ పెద్దమనిషి కూడా ఒకరు చేరదీస్తే బతికి బట్టకట్టినవాడే.

పోలిక ఇంతవరకే. ఆ దుఃఖంతో ఎవరు ఏం చేశారన్న దగ్గర దారులు చీలిపోతాయి. వీటో పెద్దవాడై, భార్యాపిల్లలతో సిసిలీకి తిరిగి వెళ్ళి, ముసలివాడైపోయిన చిచ్చో చెవి దగ్గర తన తండ్రి పేరు చెప్పి అతని పొట్టను కత్తితో చీలుస్తాడు. బాకీ అణాపైసలతో సహా తీరిందన్నమాట. బ్రూస్ వేన్ మాత్రం ప్రాణం తీయకూడదని నియమం పెట్టుకున్నాడు. తొలి ఏడాది కథల్లో ఈ నియమం ఇంకా కుదురుకోలేదనీ, అప్పటి బ్యాట్‌మ్యాన్ చేతిలో మనుషులు చనిపోయారనీ ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఎనభై ఏళ్ళకు పైగా ఆ పాత్రను నిలబెట్టింది మాత్రం ఈ నియమమే.

బాకీ అనే మాట ఊరికే వాడలేదు. మన భాషలో ‘ఋణానుబంధం’ అంటాము, ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అంటాము. కార్లియోన్ ఇల్లు నడిచేది ఆ ఋణం మీదనే. 1972లో వచ్చిన మొదటి చిత్రం, కూతురికి జరిగిన అన్యాయానికి న్యాయం చేయమని డాన్ వీటోను అర్థించే బొనసేరా మాటలతో మొదలవుతుంది. శవాలను అంత్యక్రియలకు సిద్ధం చేయడం అతని వృత్తి. డాన్ డబ్బు తీసుకోడు. ఏదో ఒక రోజు, ఆ రోజు రాకపోనూ వచ్చు, నీ నుంచి ఒక సాయం అడుగుతానని మాత్రం చెబుతాడు. ఆ రోజు వస్తుంది. గుళ్ళతో తూట్లు పడిన పెద్ద కొడుకు సానీ శవాన్ని, తల్లి చూడగలిగేలా సరిచేయమని డాన్ అదే బొనసేరాను అడుగుతాడు. వెండితెర మీద ఒక ఋణం తీరిన తీరును ఇంత బరువుగా చూపిన మరో సన్నివేశం నాకు తెలియదు. అయితే ఆ పద్దు బయటివాళ్ళకే పరిమితం కాలేదు. ఇంట్లోవాళ్ళ పేర్లు కూడా అందులోనే ఉన్నాయి.

మీరన్న ‘ఒకరి కోసం ఒకరు ప్రాణమివ్వడం’ దగ్గరికి వద్దాం. సానీ చనిపోయింది చెల్లెలి భర్త కార్లో శత్రువులకు అమ్ముడుపోవడం వల్ల. వీటో చిన్న కొడుకు మైకేల్ ఆ చెల్లెలి బిడ్డకు జ్ఞానస్నానం నాడు గాడ్‌ఫాదర్‌గా నిలబడి, ఆ తర్వాత ఆ బిడ్డ తండ్రినే చంపిస్తాడు. రెండో చిత్రం చివర, తెలిసీ తెలియక శత్రువుకు ఉపయోగపడిన సొంత అన్న ఫ్రెడోను, తల్లి బతికున్నంతకాలం ఆగి, ఆమె పోయాక సరస్సు మధ్యలో చేపల వేటకు కూర్చున్నవాడిని కూర్చున్నట్టే కాల్పిస్తాడు. ఆ ఇంట్లో ప్రాణమిచ్చినవాళ్ళకంటే ఇంటివాళ్ళ చేతుల్లోనే ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళను నేను ఎక్కువగా గుర్తుపెట్టుకున్నాను.

ఇక పోగుచేసిన పిల్లల సంగతి. ఈ విషయంలో మీ అబ్బాయి వైపు నుంచి ఒక మాట చెప్పాలి. 1940లో వచ్చిన కథలో, రాబిన్ అనే పేరుతో బ్యాట్‌మ్యాన్‌కు మొదటి తోడైన డిక్ గ్రేసన్ తల్లిదండ్రులు సర్కస్‌లో గాలిలో విన్యాసాలు చేసేవాళ్ళు. రక్షణ పేరుతో ముఠా అడిగిన మామూళ్ళు ఇవ్వడానికి యజమాని ఒప్పుకోనందుకు, ఆ ముఠా వాళ్ళ తాళ్ళను పాడుచేసి చంపుతుంది. డిక్‌ను అనాథను చేసింది కార్లియోన్ వాళ్ళు చేసేలాంటి వ్యాపారమే! జేసన్ టాడ్ తండ్రి ఒక నేరగాడి దగ్గర చిల్లర పనులు చేసి ప్రాణం పోగొట్టుకున్నవాడు. కసాండ్రా కెయిన్‌ను ఆమె తండ్రి మాట నేర్పకుండా, శరీర కదలికలను చదవడం మాత్రమే నేర్పి, హంతకురాలిగా పెంచాడు. స్టెఫనీ బ్రౌన్ తండ్రి దొంగ. బ్రూస్ సొంత కొడుకు డేమియన్ హంతకుల సంఘంలో పుట్టి పెరిగాడు. నేర కుటుంబాలు కూల్చిన ఇళ్ళ శిథిలాల నుంచి, లేదా నేరుగా ఆ కుటుంబాల నుంచే నడిచి వచ్చిన పిల్లలు వీళ్ళు. అందువల్ల ఈ రెండు కుటుంబాలనూ పక్కపక్కన పెట్టి ఊరికే పోల్చడం సరిపోదు. ఒకటి చేసిన గాయానికి రెండోది పుట్టింది.

మీ మాటలో నేను ఒప్పుకునేది కూడా ఉంది. కార్లియోన్ ఇంటి భోజనాల బల్ల, పెళ్ళి పందిరి, వంట చేస్తూ చెప్పుకునే కబుర్లు, వీటి ముందు వేన్ భవనం చల్లగా, చీకటిగా ఉంటుంది. నవలా రచయిత మారియో పుజో, డాన్ నోరు విప్పిన ప్రతిసారీ తనకు తన తల్లి గొంతు వినిపించేదని చెప్పుకున్నాడు. ఆ వెచ్చదనం అక్కడి నుంచి వచ్చింది. అది నకిలీది కాదు, అందుకే ఆ కథ అంత బాధపెడుతుంది.

ప్రశ్న: గాడ్‌ఫాదర్‌లో టామ్ హేగన్‌ను చూసినప్పుడల్లా నాకు కర్ణుడు గుర్తుకొస్తాడు. ఇంట్లో పెరిగినా ఇంటివాడు కాలేదు. వీటో అతన్ని ఎందుకు దత్తత తీసుకోలేదు? బ్యాట్‌మ్యాన్ తన పిల్లలను చట్టప్రకారం దత్తత తీసుకున్నాడా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: టామ్ జర్మన్-ఐరిష్ పిల్లవాడు. కంటి జబ్బుతో వీధుల్లో తిరుగుతున్న అతన్ని సానీ ఇంటికి తీసుకొస్తే, వీటో ఏమీ అడగకుండా అన్నం పెట్టించి, వైద్యం చేయించి, తన పిల్లలతో పాటు పెంచాడు. న్యాయశాస్త్రం చదివించాడు. దత్తత మాత్రం తీసుకోలేదు. ఇంటిపేరు మార్చడం టామ్ కన్నవాళ్ళను అగౌరవపరచడమవుతుందని వీటో అనుకున్నట్టు నవలలో ఉంది. ఈ కారణం నాకు ఎప్పుడూ గొప్పగానే అనిపిస్తుంది. 1956 నాటి మన హిందూ దత్తత చట్టం ప్రకారం కూడా, దత్తత జరిగిన రోజు నుంచి ఆ బిడ్డకు పుట్టింటితో ఉన్న బంధాలు తెగిపోయి, కొత్త ఇంట్లో పుట్టినట్టే లెక్క. ఇంటిపేరు, గోత్రం మారడమంటే ఏమిటో తెలిసిన మనకు వీటో సంకోచం అర్థమవుతుంది.

డిక్ గ్రేసన్ కూడా అలాగే దశాబ్దాల పాటు బ్రూస్ సంరక్షణలోని పిల్లవాడుగానే ఉండిపోయాడు. డిక్ పెద్దవాడైపోయిన తర్వాత, 2000ల తొలినాళ్ళలో వచ్చిన కథల్లో, బ్రూస్ అతన్ని చట్టప్రకారం కొడుకును చేసుకున్నాడు. చనిపోయిన గ్రేసన్ దంపతుల చోటును ఆక్రమించకూడదన్న జంకే అంతకాలపు ఆలస్యానికి మూలమని నేను అర్థం చేసుకున్నాను. దత్తత జరిగాక కూడా డిక్ గ్రేసన్‌గానే ఉన్నాడు. ఇద్దరు పెంపుడు తండ్రులకూ ఒకే సంకోచం కలిగింది, అది ఇద్దరికీ గౌరవమే. మూడో రాబిన్ అయిన టిమ్ డ్రేక్‌ను మాత్రం అతని తండ్రి హత్య జరిగిన తర్వాత, పిల్లవాడుగా ఉండగానే దత్తత తీసుకున్నాడు.

కర్ణుడి పోలిక మీరు అనుకున్నదానికంటే లోతైనది. కర్ణుడికి రెండు బంధాలున్నాయి. ఏట్లో కొట్టుకొచ్చిన పెట్టెను తెరిచి, లోపలున్న బిడ్డను ఒడిలోకి తీసుకున్న రాధ, అధిరథుడు అతని నుంచి ఏమీ అడగలేదు. అంగరాజ్యమిచ్చిన దుర్యోధనుడిది తీర్చుకోవలసిన మైత్రి. ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాజ్యం ఇప్పిస్తానన్నప్పుడు, పెంచిన తల్లిదండ్రుల మమకారాన్నీ దుర్యోధనుడి నమ్మకాన్నీ రెండింటినీ చెప్పి కర్ణుడు కాదంటాడు. ఆ రెండు బంధాల బరువూ అతనికి ఒకటే. టామ్‌కు ఆ తేడా తెలిసే అవకాశమే రాలేదు, ఎందుకంటే అతని రాధ, అతని దుర్యోధనుడు ఒకే మనిషి. అన్నం పెట్టిన చేయే పని కూడా అప్పగించింది. వీటో పక్కకు తప్పుకుని, ఆ పద్దు మైకేల్ చేతికి వచ్చాక, ఏమవుతుందో చూడండి. యుద్ధ సమయానికి తగిన సలహాదారుడివి కాదని అతన్ని పక్కన పెడతాడు. ఒక రాత్రి నువ్వు నా సోదరుడివని చెప్పి సర్వం అప్పగిస్తాడు. ఆ తర్వాత బయటి నుంచి వచ్చిన ఉద్యోగావకాశాన్ని ఎత్తిపొడిచి విశ్వాసాన్ని శంకిస్తాడు. ఎందుకు నన్ను ఇలా బాధపెడతావని టామ్ అడిగే చోట, ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళకు పైగా పెరిగిన మనిషి ఇంకా పరీక్ష రాస్తూనే ఉన్నాడని తెలుస్తుంది.

ప్రశ్న: వీటో కార్లియోన్ తన చిన్న కొడుకు ఈ రొంపిలోకి రాకూడదని కోరుకున్నాడు. బ్యాట్‌మ్యాన్ అయితే పదేళ్ళ పిల్లలకు రంగు బట్టలు తొడిగి తుపాకుల ముందుకు పంపాడు. వాళ్ళలో ఒకడు చనిపోయాడు కూడా. తండ్రిగా ఎవరు నయం? ఇద్దరు పిల్లల తండ్రిగా అడుగుతున్నాను.
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: నాకు వచ్చిన ఉత్తరాలలో తప్పించుకోవడానికి వీల్లేని ప్రశ్న మీది. బ్యాట్‌మ్యాన్ కథలను ప్రేమించేవాళ్ళు సాధారణంగా ఇక్కడ మాట మారుస్తారు. నేను మార్చను.

రాబిన్ పాత్ర పుట్టిన కారణం చాలా మామూలుది. చీకటిలో ఒంటరిగా తిరిగే బ్యాట్‌మ్యాన్‌కు మాట్లాడే తోడు ఒకరు ఉంటే కథ నడపడం సులువని బిల్ ఫింగర్ భావించాడు. చదివే పిల్లలకు తమ వయసు పిల్లవాడు కనిపిస్తాడు. 1940లో ఆ పిల్లవాడి ప్రాణాల గురించి ఎవరూ దిగులుపడలేదు, ఎందుకంటే అతనికి ఏమీ కాదని అందరికీ తెలుసు. 1988లో ఆ భరోసా పోయింది. రెండో రాబిన్ అయిన జేసన్ టాడ్‌ను బ్యాట్‌మ్యాన్ బద్ధశత్రువు జోకర్ ఇనుప కడ్డీతో కొట్టి, బాంబుతో పాటు గోదాములో వదిలేసిన దగ్గర కథ ఆపి, జేసన్ బతకాలా చావాలా అని ప్రచురణకర్తలు టెలిఫోన్ ద్వారా పాఠకులను అడిగారు. చావాలని 5,343 కాల్స్, బతకాలని 5,271 కాల్స్ వచ్చాయి. 72 కాల్స్ తేడాతో ఒక పిల్లవాడు చనిపోయాడు. కల్పిత పాత్రే అయినా, ఈ లెక్క చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

బ్రూస్ ఆ పిల్లవాడి దుస్తులను తన రహస్య స్థావరమైన గుహలో ఒక గాజు పెట్టెలో పెట్టాడు. 2010లో వచ్చిన యానిమేషన్ చిత్రంలో ఆ పెట్టె మీద పేరుతో పాటు ‘మంచి సైనికుడు’ అని రాసి ఉంటుంది. వేన్ ఇల్లు కార్లియోన్ ఇంటికి అతి దగ్గరగా వచ్చే చోటు అదేనని నేను నమ్ముతున్నాను. టైర్లు దొంగిలిస్తూ దొరికిన వీధి పిల్లవాడిని, అదీ తన బండి టైర్లనే, కోపగించుకోకుండా ఇంటికి తెచ్చుకున్న మనిషి, ఆ పిల్లవాడు పోయాక కొడుకని రాయలేకపోయాడు. చేసిన సేవను రాశాడు. ఆ ఫలకం మీద మాట పద్దులో రాసే మాటే.

ఇక్కడ ఇద్దరు తండ్రులకూ ఒకే పరీక్ష ఎదురైన సంగతి గమనించండి. ఇద్దరి కొడుకులూ హత్యకు గురయ్యారు, చంపింది ఎవరో ఇద్దరికీ తెలుసు. సానీ శవాన్ని చూసిన వీటో అయిదు కుటుంబాల పెద్దలను పిలిచి, కొడుకు చావుకు పగ తీర్చుకోనని మాట ఇస్తాడు. సిసిలీలో దాక్కున్న మైకేల్ క్షేమంగా ఇంటికి రావడం కోసమే ఆ మాట. చనిపోయిన కొడుకు బాకీని బతికున్న కొడుకు కోసం వదులుకున్న ఆ ముసలి తండ్రిని చూస్తే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి. కానీ ఆ మాట వెంటనే, మైకేల్‌కు పిడుగుపాటు వల్ల ప్రమాదం జరిగినా ఈ గదిలో కూర్చున్నవాళ్ళలో కొందరినే తప్పుపడతానని కూడా అంటాడు. బాకీ రద్దు కాలేదు, వాయిదా పడింది. దాన్ని జ్ఞానస్నానం రోజున మైకేల్ వసూలు చేస్తాడు.

జేసన్ 2005 కథలో సజీవంగా తిరిగి వస్తాడు, ఈసారి నేరగాళ్ళను చంపుతూ. తండ్రికి ఎదురుపడినప్పుడు అతను అడిగే ప్రశ్న నన్నెందుకు కాపాడలేదని కాదు. దాన్ని ఎప్పుడో క్షమించానంటాడు. నన్ను చంపినవాడు ఇంకా ఎందుకు బతికున్నాడని అడుగుతాడు. నన్ను కొట్టినట్టు నిన్ను కొట్టి ఉంటే నేనైతే వాణ్ణి వదిలేవాణ్ణి కాదంటాడు. కార్లియోన్ ఇంటి భాషలో ఇది పూర్తిగా న్యాయమైన ప్రశ్న. ప్రేమ ఉంటే పగ ఉండాలి, పగ లేకపోతే ప్రేమ లేదని ఆ పిల్లవాడు నమ్మాడు. బ్రూస్ జవాబు, ఆ పని చేయాలని ప్రతిరోజూ అనిపిస్తుందని, ఒకసారి ఆ చీకట్లోకి దిగితే ఇక తిరిగి రాలేనని. తన తండ్రి అన్న మనిషి మీదికే ఆ కొడుకు తుపాకి ఎత్తాడు. అయినా అతను ఆ ఇంటికి శత్రువు కాలేదు. ఏళ్ళు గడిచాక, ఎన్నో గొడవల తర్వాత, మళ్ళీ ఆ గుమ్మంలో కనిపిస్తాడు. ఫ్రెడోకు దక్కనిది అదే.

మీ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పాలంటే, కోరికలో వీటో నయం. తోటలో కూర్చుని, నువ్వు సెనేటరో గవర్నరో కావాలనుకున్నాను, ఇది నీకు వద్దనుకున్నాను అని మైకేల్‌తో చెప్పే మాటలు ఏ తండ్రైనా చెప్పుకునేవే. అయితే ఆ కోరిక బతికే చోటు ఆయన కట్టిన ఇంట్లో లేదు. మైకేల్ కాలేజీకి వెళ్ళాడు, రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడి పతకాలు తెచ్చుకున్నాడు, ఇది మా కుటుంబం, నేను కాదని ప్రియురాలికి చెప్పాడు. తండ్రి మీద కాల్పులు జరిగిన కొద్ది రోజులకే హోటల్లో ఇద్దరిని చంపాడు. ఎవరూ బలవంతపెట్టలేదు, ఋణమే లాక్కొచ్చింది. బ్రూస్ పిల్లలు కూడా చాలామంది తామే వచ్చినవాళ్ళు. 1989లో వచ్చిన టిమ్ డ్రేక్, చిన్నప్పుడు సర్కస్‌లో చూసిన డిక్ విన్యాసాన్ని రాబిన్‌లో గుర్తుపట్టి, ముసుగుల వెనుక ఎవరున్నారో తనంతట తానే కనిపెట్టి, మీకు రాబిన్ అవసరమని వచ్చి నిలబడ్డాడు. జేసన్‌ను పోగొట్టుకున్న బ్రూస్ మొదట ఒప్పుకోలేదు. చివరికి ఒప్పుకున్నాడు. అది తప్పేనని నేను అంటాను. పిల్లవాడు అడిగినంత మాత్రాన కత్తి చేతికివ్వడం పెద్దరికం కాదు. ఒక తేడా మాత్రం ఉంది. డిక్ గ్రేసన్ యువకుడై, తండ్రితో విభేదించి, రాబిన్ దుస్తులు వదిలేసి, 1984లో నైట్‌వింగ్ అనే కొత్త పేరుతో సొంత దారి పట్టాడు. వేరే ఊరు వెళ్ళాడు. మాటలు లేకుండా కొంతకాలం గడిచింది, మళ్ళీ కలిశారు. కార్లియోన్ ఇంటి నుంచి అలా వెళ్ళి, అలా తిరిగి వచ్చినవాడు ఒక్కడైనా ఉన్నాడేమో వెతికి చూడండి.

ప్రశ్న: ఈ రెండు కుటుంబాల్లో ఆడవాళ్ళ స్థానం గురించి ఎవరూ రాయరు. ఎందుకు?
— ఒక పాఠకురాలు, వరంగల్లు

జవాబు: కార్లియోన్ ఇంట్లో ఆడవాళ్ళను తలుపు బయట ఉంచుతారు కాబట్టి రాసేవాళ్ళు కూడా అక్కడే ఆగిపోతారు. మొదటి చిత్రం ముగింపులో మైకేల్ భార్య కే ముఖం మీద మూసుకునే తలుపు ఆ సంగతిని మాటలు లేకుండానే చెబుతుంది. రెండో చిత్రంలో, ఆ వంశానికి మరో కొడుకును ఇవ్వడం ఇష్టం లేక గర్భం తీసేయించుకున్నానని కే చెప్పే మాట, ఆ ఇంట్లో ఎవరైనా పద్దు పుస్తకాన్ని చించేసిన ఏకైక సందర్భమని నేను భావిస్తాను. అందుకు ఆమె తన పిల్లలకు దూరమైంది.

బ్యాట్‌మ్యాన్ కథలు కూడా ఈ విషయంలో కడిగిన ముత్యాలేమీ కావు. 1967లో బ్యాట్‌గర్ల్‌గా వచ్చిన బార్బరా గోర్డన్‌ను 1988 నాటి ఒక కథలో జోకర్ కాల్చి నడవలేకుండా చేశాడు. ఆ కథలో ఆమె బాధ, ఆమె తండ్రినీ బ్యాట్‌మ్యాన్‌నూ బాధపెట్టడానికి పనికొచ్చిన వస్తువే తప్ప ఆమెదిగా ఎక్కడా కనబడదు. మరుసటి ఏడాది కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ అనే రచయితల జంట ఆమెను ఆరకిల్ అనే పేరుతో తిరిగి తెచ్చారు. చక్రాల కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ల ముందు, మొత్తం బృందానికి సమాచారమిచ్చే బుర్ర ఆమెదే అయింది. ఆమె లేకపోతే గుహలో ఎవరికీ దారి తెలియదు. ఆమె బ్రూస్ దత్తపుత్రిక కాదు, సొంత తండ్రి ఉన్న మనిషి. అయినా ఆ కుటుంబంలో ఆమె లెక్క తప్పదు.

ప్రశ్న: బ్యాట్‌మ్యాన్‌కు సొంత కొడుకు కూడా ఉన్నాడు కదా. సొంత కొడుకు వచ్చాక పెంచినవాళ్ళ గతి ఏమైంది? మన సినిమాల్లో అయితే అక్కడే గొడవ మొదలవుతుంది.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: గొడవ మొదలైంది, కానీ మీరు అనుకున్న వైపు నుంచి కాదు. 2006లో కథల్లోకి వచ్చిన డేమియన్ తల్లి తాలియా అల్ గుల్, తాత రాస్ అల్ గుల్, అంటే హంతకుల సంఘానికి అధిపతి. పుట్టుకతో అతను ఒక నేర వంశపు వారసుడు. చంపడమే చదువుగా పెరిగిన ఆ పిల్లవాడు వేన్ ఇంట్లో అడుగుపెట్టి, తానే నిజమైన కొడుకునని, మిగతావాళ్ళు పోగుచేసుకున్నవాళ్ళని చెప్పి టిమ్ మీద చేయి చేసుకుంటాడు. ఆ ఇంట్లో రక్తసంబంధం ఉన్న ఒక్క కొడుకూ అందరికంటే తక్కువ నమ్మకం దొరికినవాడు కావడం నాకు ఈ కథల్లో అన్నిటికంటే నచ్చిన మలుపు.

మైకేల్, డేమియన్ ఒకే దారిలో ఎదురెదురుగా నడిచినవాళ్ళు. ఒకడు యుద్ధం నుంచి శుభ్రమైన చేతులతో వచ్చి రక్తంలోకి దిగాడు, మరొకడు రక్తంలో పుట్టి బయటికి వచ్చాడు. బయటికి తెచ్చింది తండ్రి కూడా కాదు. బ్రూస్ చనిపోయాడని అందరూ అనుకున్న రోజుల్లో, 2009 నాటి కథల్లో, డిక్ గ్రేసన్ బ్యాట్‌మ్యాన్ బాధ్యత తీసుకుని, ఎవరూ భరించలేని ఆ పదేళ్ళ పిల్లవాడిని రాబిన్‌ను చేసుకుని, మొండితనాన్ని సహించి, దగ్గర కూర్చోబెట్టుకుని మనిషిని చేశాడు. అనాథగా వచ్చిన అన్న, రక్తం పంచుకున్న కొడుకుకు ఇల్లంటే ఏమిటో నేర్పాడు.

కార్లియోన్ ఇంట్లోనూ ఇంటి బయట పుట్టిన ఒక బిడ్డకు ఇంటిపేరు దక్కిన సందర్భం ఉంది. 1990లో వచ్చిన మూడో చిత్రంలో సానీకి వివాహేతర సంబంధంలో పుట్టిన విన్సెంట్‌ను మైకేల్ వారసుణ్ణి చేసి, ఇకపై నువ్వు విన్సెంట్ కార్లియోన్‌వి అంటాడు. అందుకు షరతు, తన కూతురు మేరీని ప్రేమించడం మానుకోవాలని. అతను మానుకుంటాడు. ప్రేమను చెల్లించి పేరు కొనుక్కుంటాడు.

దాని పక్కన వేన్ ఇంటి బట్లర్ అల్‌ఫ్రెడ్‌ను పెట్టి చూడండి. బ్రూస్‌ను పెంచినవాడు, ఆ పిల్లలందరికీ తాత లాంటివాడు, తప్పు చేస్తే బ్రూస్ ముఖం మీదే చెప్పగలిగినవాడు. 2019 నాటి కథలో బేన్ అనే శత్రువు చేతిలో చనిపోతాడు. 2021లో వచ్చిన కథలో, అతను తన యావదాస్తినీ డిక్ పేర రాసి వెళ్ళాడని తెలుస్తుంది. ఏమి చేయాలో చెప్పడు, తిరిగి ఏమీ అడగడు. డిక్ ఆ డబ్బుతో తన ఊళ్ళో తలదాచుకోవడానికి చోటు లేనివాళ్ళ కోసం ఒక సంస్థ పెట్టి, దానికి అల్‌ఫ్రెడ్ పేరు పెడతాడు.